ఆ మూల మన్నుగానే ఉండనీ

తనకల్లు,
జూన్ 8.

ప్రియమైన నేస్తానికి,

కొక్కంటి క్రాస్ అమ్మాయి ఒకతె ఎల్లుండి కువైట్‌కు బయల్దేరుతోంది. మీ అమ్మ దంచిన శెనక్కాయల పొడి, చింతకాయ తొక్కు ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. వాటితోపాటే ఈ ఉత్తరమూ అందుతుంది.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఉత్తరం ఎందుకు రాసిందీ అనుకుంటావు. నువ్వు ఫోన్ చేసే వేళకు మీ అమ్మ నా పక్కనే కూర్చుని ఉంటుంది. ఆమె ముందు చెప్పలేని మాటలు రెండున్నాయి.

మొదటిది. పోయిన నెల వరసగా మూడు సాయంత్రాలు నువ్వు వీడియో కాల్ చేస్తే, అమ్మ పెందలాడే పడుకుందని చెప్పాను. అది అబద్ధం మే. ఆమె మేలుకునే ఉంది, ఆ ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది. నా మాటకు మనసు నొచ్చుకుని ఆ మూడు రోజులూ మా గడప తొక్కలేదు. బిడ్డ ముఖం చూసుకోవడానికి ఉన్న ఒక్క ఫోనూ నా చేతిలోదే. అయినా రాలేదంటే ఆ మాట ఎంత లోతుగా తగిలిందో చూడు. గొడవకు కారణం మీ ఇంటి పిల్లులు, మా పెరట్లో కొత్తిమీర మడి.

మా పాప ఏడో నెలలో కాన్పుకు ఇంటికొచ్చిందని నీకు తెలుసు. వచ్చిన రోజే, "అమ్మా, మన పెరటి కొత్తిమీర వాసన చూడాలనుంది, నా చేత్తో తుంచుకోవాలనుంది" అంది. కడుపుతో ఉన్న బిడ్డ నోరు తెరిచి అడిగితే కాదంటామా? మన నేల సంగతి నీకు చెప్పాలా? ఏప్రిల్‌లో గడ్డపార వేస్తే ఖంగుమని తిరిగొస్తుంది. ముందు రాత్రి రెండు బిందెలు పోసి నానబెట్టి, తెల్లారి తవ్వాను. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గడ్డలు చిదిపి, రాళ్లు ఏరి, చివికిన పేడ ఎరువు కలిపి అరచేత్తో చదును చేశాను. ధనియాలను చెప్పుకాలితో నలిపి రెండు బద్దలుగా చీల్చి చల్లాను. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బేసిన్లో పట్టి పోశాను. ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో ఆకుకూరల మడి అంటే ఎన్ని బిందెల లెక్కో, చిన్నప్పుడు నాతోపాటు బోరింగు దగ్గర వరసలో నిలబడినదానివి, నీకే తెలుసు.

పదో రోజుకు జంటాకులు వేసుకుని మొలకలు లేచాయి. పదకొండో రోజు పొద్దున చూస్తే మడిలో మూడు చోట్ల మన్ను గుట్టలు. మొలకలు వేళ్లతో సహా పైకొచ్చి వాడిపోయి ఉన్నాయి. చేత్తో సర్దబోతే ముక్కు పగిలే కంపు. తీసి పారేసి, మళ్లీ ధనియాలు చల్లి నీళ్లు పోశాను. రెండు రోజులకు మళ్లీ అదే.

ఏ జంతువు చేస్తోందో చూద్దామని ఒకరోజు తెల్లవారకముందే పెరటి మెట్టు మీద కూర్చున్నాను. చారల పిల్లి గోడ మీంచి చప్పుడు లేకుండా దిగింది. పోయినసారి నువ్వు సెలవుకొచ్చినప్పుడు నీ సూట్‌కేసులో బట్టల మీద పడుకుందే, అదే. మడి అంచున ఆగి నేలకు ముక్కు ఆనించి వాసన చూసింది. ముందరి కుడికాలితో నాలుగుసార్లు, ఎడమకాలితో నాలుగుసార్లు తవ్వి జానెడు గుంత చేసి దాని మీద కూర్చుంది. తోక సన్నగా వణికింది. లేచి వెనక్కి తిరిగి గుంతను వాసన చూసింది. ఒకవైపు నుంచి మన్ను లాగి కప్పింది, మళ్లీ వాసన చూసింది, ఇంకోవైపు నుంచి లాగింది. అట్లా నాలుగువైపులా తిరిగి, ఇక వాసన రాదని నమ్మకం కుదిరాకే గోడెక్కింది. ఆ కప్పడంలోనే ఇరవై మొలకలు పోయాయి. వెనకే దాని పిల్లలు రెండూ దిగాయి.

ఈ సంగతి వీధిలో తెలిసేసరికి తలా ఒక సలహా. సీసాల్లో ఎర్రనీళ్లు పోసి మడి చుట్టూ పెట్టమన్నారొకరు. మన వీధిలో సగం గడపల ముందు ఆ సీసాలున్నాయి కదా, వాటి పక్కనే కుక్కలు పడుకుని నిద్రపోతాయి. ఫినాయిల్ పోయమన్నారొకరు, కలరా ఉండలు వేయమన్నారింకొకరు. నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఫినాయిల్ లాంటి వాటిలో ఉండే విషాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. పాదానికి అంటింది కాస్తా నాక్కుంటుంది, అది చాలు దాని ప్రాణానికి. మన తలనొప్పి మాత్ర పారాసిటమాల్ ఒక్కటి కూడా దాన్ని చంపేయగలదు. పైగా ఫినాయిల్ తాగిన మన్నులో పండిన కూర కడుపుతో ఉన్న బిడ్డకు ఎట్లా పెడతాను? ఇంకొకాయన గొంతు తగ్గించి, ఎలుకల మందు కలిపిన అన్నం ముద్ద ఒకటి చాలన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. జంతువును విషం పెట్టి చంపితే, ఇప్పుడొచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చని ఆయనకు చెప్పాను. చట్టం లేకపోయినా మీ అమ్మ చేతి ముద్ద తిని పెరిగిన ప్రాణాన్ని నేను చంపుతానా?

తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి పిల్లికి పాలంటేనే భయం పుట్టించిన కథ నేను ప్రతి ఏడూ క్లాసులో చెప్పేదాన్ని. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. మూతి కాలిన ఆ పిల్లి తర్వాత ఏం తిని బతికిందో ఒక్క ఏడాది కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కష్టంగా ఉంది.

అయినా కోపాన్ని ఆపుకోలేకపోయాను. నాలుగోసారి మడి పాడైన రోజు, గోడ దగ్గర నిలబడి, "పెద్దమ్మా, నోరులేనివాటికి తెలియదు సరే, పెంచేవాళ్లకైనా తెలియొద్దా? నా బిడ్డకేమన్నా అయితే ఎవరిది పూచీ?" అన్నాను. మాట గట్టిగానే వచ్చింది. వీధిలో ఇద్దరు ముగ్గురు విన్నారు కూడా. మీ అమ్మ ఒక్క మాట తిరిగి అనలేదు. కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

మూడో రోజు రాత్రి ఆ ఇంట్లోంచి పిల్లి ఏడుపు ఆగకుండా వినబడింది. తెల్లారి వెళ్లి చూస్తే, చారల పిల్లిని పాత చీర పేలికతో మంచం కోడుకు కట్టేసి ఉంది. మెడ దగ్గర వెంట్రుకలు రాలిపోయాయి. మీ అమ్మ దాని పక్కనే నేల మీద కూర్చుని, రాత్రంతా నిద్రలేని కళ్లతో, పాలగిన్నె ముందుకు జరుపుతోంది. అది ముట్టడం లేదు.

"కట్టేసినా పాపా. ఇంక నీ మడి జోలికి రాదులే" అంది నన్ను చూసి.

నాకు నోట మాట రాలేదు. ముందు ఆ పేలిక ముడి విప్పాను. తర్వాత ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను, గోడ వారగా ఐదు శెనక్కాయల మూటలు. కదిరి-6, మొన్నటి పంటలో విత్తనానికని ఏరి పక్కన పెట్టుకున్న కాయలు. కాయ ఒలిస్తే విత్తనం తొందరగా చెడిపోతుందని విత్తే ముందు దాకా అట్లాగే ఉంచుతారు కదా. "ఈటి కోసమే పాపా పిల్లుల్ని పెట్టుకునింది. పోయినేడాది ఒక మూట ఎలకలే తినేసినాయి. ఈ మూడూ లేకుంటే చేన్లో ఏమి ఇత్తాల? బిడ్డ యాడో ఎండలో కష్టపడి పంపే దుడ్డు మళ్లీ ఇత్తనాలకు పెట్టాలంటే నాకు మనసొప్పదు" అంది.

నువ్వు పంపే డబ్బు నీ కోసమే మిగలాలని ఆ తల్లి పిల్లుల్ని సాకుతోంది. నేను ఆ పిల్లుల మీదే వీధిలో అరిచాను.

ఆ రోజు ఇంటికొచ్చి పిల్లుల గురించి మొదటినుంచీ ఆలోచించాను. ఇంటి పిల్లి పుట్టుక ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల అడవి పిల్లిది. నువ్వున్న ఆ ఇసుక దేశాల వైపుదే మే. మనిషి ధాన్యం పండించి నిలవ చేసుకున్నాడు, ధాన్యానికి ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాళ్లు దొరికాయి. అంటే మీ అమ్మ మూటల పక్కన చారల పిల్లి కాపలా ఉండటం అంత పాత ఒప్పందం. ఎడారి జంతువు కాబట్టే తక్కువ నీళ్లతో బతుకుతుంది. దాని మూత్రపిండాలు నీటిని పిండి దాచుకుంటాయి, అందుకే ఉచ్చకు అంత ఘాటు. ఇసుకలో పుట్టిన జాతి కాబట్టే పొడిగా, మెత్తగా ఉన్న మన్ను కనబడితే తవ్వి, తన వాసన శత్రువుకు తెలియకుండా కప్పుతుంది. కువైట్‌లో మీ సేఠ్ ఇంటి వెనక పిల్లులకు ఎండాకాలం నీళ్లు పెడతానని చెప్పావే, అవీ మన చారలదీ ఒక్క వంశమే.

మరి ఇన్నేళ్లూ నా పెరట్లోకి రాని పిల్లి ఇప్పుడెందుకు వచ్చింది? గోడ మీంచి చూస్తే జవాబు కనబడింది. మీ దొడ్లో పిడికెడు మన్ను లేదు. మూడేళ్ల కింద మీ అమ్మ వానలో జారిపడి మణికట్టు విరిగినప్పుడు, నువ్వు డబ్బు పంపితే నేనే మేస్త్రీని పిలిపించి, దగ్గరుండి దొడ్డంతా సిమెంటు పోయించాను. వీధి ఎప్పుడో సిమెంటు రోడ్డయింది. మా ఇంటి ముందు బండలు పరిచాను. వెనక మనం తొక్కుడుబిళ్ల ఆడిన ఖాళీ జాగాలో రెండిళ్లు లేచాయి. ఇన్నాళ్లూ పిల్లులు ఏదో మూల మిగిలిన మన్నుతో సర్దుకున్నాయి. ఈ ఎండాకాలం వీధి మొత్తానికీ తవ్వితే తెగే మెత్తని నేల నా కొత్తిమీర మడి ఒక్కటే. దాన్ని తడిపి, గుల్ల చేసి, రాళ్లు ఏరి పెట్టింది నేనే.

ఇక రెండో మాట. నువ్వు కష్టపడి పంపిన డబ్బుతో పోయించిన ఆ సిమెంటులో ఒక మూల, నిన్ను అడక్కుండా పగలగొట్టించాను. పాత పేడదిబ్బ ఉన్న చోట, మూడడుగులకు మూడడుగులు. కూలిమనిషి సమ్మెటతో కొడుతుంటే నా గుండె దడదడలాడింది. ఒక్కొక్క పెచ్చూ నీ నెల జీతంలో ఎంతో అని లెక్కేసుకున్నాను. మీ అమ్మ మాత్రం, "పోనీలే పాపా, నేను నడిచే దావ కాదులే అది" అంది. ఆ గుంతలో వంక ఇసుక మూడు గంపలు పోశాం. నా మడిలోంచి ఎత్తిన వాసన మన్ను కొంచెం దాని పైన చల్లాను, తమ చోటని పిల్లులు గుర్తుపట్టేందుకు. ఎండ పడకుండా పైన పాత రేకు ఒకటి ఏటవాలుగా పెట్టించాం.

ఇక మా మడి వైపు. మీ అమ్మే దారి చూపింది. "కంపేస్తే నీ చేతులకే గుచ్చుకుంటాది. కంది కట్టె ఉంది తీసుకోపో" అని మోపు తెచ్చి పడేసింది. పాడైన మన్నంతా జానెడు లోతు ఎత్తి, కూరలకు వాడే ఎరువు గుంతలో కలవకుండా ఊరి బయట పూడ్చేశాను. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తాయి. కొత్త మన్ను నింపి ధనియాలు చల్లాక, కంది కట్టెల్ని నిలువుగా, అడ్డంగా పరిచాం. కట్టెకూ కట్టెకూ మధ్య నాలుగు వేళ్ల సందు. మొలక సులువుగా లేస్తుంది, పిల్లి కాలు ఆనించి తవ్వలేదు. సందుల్లో శెనక్కాయ పొట్టు చల్లాం. దానితో ఇంకో మేలు కూడా జరిగింది. తడి ఆరకుండా నిలిచి, రోజూ పోసే రెండు బిందెలకు ఒకటి సరిపోతోంది. పొద్దున పోసే నీళ్లు సాయంత్రానికి మార్చాను. తడి మన్నులో కాలు పెట్టడం పిల్లికి ఇష్టముండదు. అవి తిరిగేది ముఖ్యంగా రాత్రి, తెల్లవారుజామునే కదా.

మొదటి రెండు రోజులు చారలది కట్టెల మీద నిలబడి ఒక కాలు ఎత్తి, దించి, చోటు దొరక్క గోడెక్కి పోయింది. మూడో రోజు ఇసుక గుంత వాసన చూసింది. వారం తిరిగేసరికి మూడూ అక్కడికే వెళ్తున్నాయి. మా మడిలో ఒక్క గీత పడలేదు.

ఇదంతా చేసింది కొత్తిమీర కోసమే కాదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. ఎలుకను, పిట్టను తిన్నప్పుడు పిల్లికి సోకుతుంది. సోకిన కొత్తలో రెండు మూడు వారాలపాటు దాని గుడ్లు మలంతో బయటికొస్తాయి. మామూలు మనుషులకు ఏమీ కాకుండానే పోతుంది గానీ, కడుపుతో ఉన్నామెకు కొత్తగా సోకితే బిడ్డ కళ్లకూ మెదడుకూ దెబ్బ తగలొచ్చు. తడి మన్నులో ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. ఇందులో మనకు ధైర్యమిచ్చే సంగతి కూడా ఒకటుంది. మలంలోంచి వచ్చిన వెంటనే వాటికి సోకే శక్తి ఉండదు, కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే ఇసుక గుంతను ఏ రోజుకారోజు శుభ్రం చేయాలి. ఆ పని నేను చేస్తున్నాను, పాత రేకు చేటతో ఎత్తి, చేతికి గ్లవుజు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుని. పాపను ఆ వైపుకు రానివ్వను. కదిరిలో చూసే డాక్టరమ్మ కూడా చెప్పింది, పిల్లిని చూసి భయపడక్కర్లేదు, మన్ను తగిలిన చేయి కడుక్కోవాలి, ఆకుకూర మూడు నీళ్లలో కడగాలి, మాంసం బాగా ఉడికించాలి, సరిగా ఉడకని మాంసంతో కూడా ఈ రోగం వస్తుంది అని. పాప తన చేత్తో తుంచుకోవాలన్న కోరిక మాత్రం బిడ్డ పుట్టిన తర్వాతే తీరుస్తానని చెప్పి ఒప్పించాను. ప్రస్తుతానికి నేను తుంచి, కడిగి, దాని ముక్కు దగ్గర పెడతాను. కళ్లు మూసుకుని వాసన పీల్చుకుంటుంది.

నిన్న సాయంత్రం మొదటి కట్ట మీ ఇంటికే పట్టుకెళ్లాను. మీ అమ్మ అప్పటికప్పుడు రోట్లో ఊరిబిండి నూరి, ఈ కొత్తిమీర తుంచి కలిపి, సంగటిలో పెట్టి మా పాపకు ముద్దలు తినిపించింది. చారలది గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అమ్మ ముఖం వెలిగిపోతోందని అన్నావే, అప్పుడే తిని లేచాం.

ఆ మూడు సాయంత్రాలు నీకు అమ్మ ముఖం చూపించనందుకు నన్ను క్షమించు. పనిలో అలిసిపోయి, ఆ పది నిమిషాల కోసం రోజంతా ఎదురుచూస్తావని తెలిసి కూడా అబద్ధమాడాను. పెద్దమ్మను నేను అప్పుడే క్షమించమని అడిగాను. "నీకూ బిడ్డ భయమే కదా పాపా, నాకు తెలీదా" అని తల నిమిరింది.

సిమెంటు సంగతికి నీకు కోపం వస్తే నాతోనే పోట్లాడు, ఆమెను ఏమీ అనొద్దు. డిసెంబరు సెలవుకు వచ్చినప్పుడు చూస్తావు. దొడ్లో అడుగు పెట్టగానే ఆ పగిలిన మూల నీ కంట పడుతుంది, మేస్త్రీని పిలిచి సరిచేయిద్దామని అంటావు. వద్దు మే. మొన్నటి పదునుకు ఆ గుంత అంచున చెంచలాకు మొక్క ఒకటి మొలిచింది. మన చిన్నప్పుడు అదే జాగాలో ఒళ్లో ఏరుకుని మీ అమ్మకు తెచ్చిస్తే పప్పులో వేసేది, గుర్తుందా? ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు, మూడేళ్లు సిమెంటు కిందే ఉండి లేచింది. ఆ మూల మాత్రం మన్నుగానే ఉండనీ.

ఇట్లు,
గోడ అవతలి నీ స్నేహితురాలు.